అమ్మావాళ్ళింటి సీసీ కెమెరాల వీడియో ఇంట్లోనే ఉంచుకోడానికి ఫ్రిగేట్: నా రివ్యూ

కోనసీమలో అమ్మానాన్నల్ని ఊళ్ళో ఉంచి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కువైట్‌లోనో ఉంటున్న మా బోటి వాళ్ళందరి ఫోన్లలో ఇప్పుడు తప్పకుండా ఉండే యాప్ సీసీ కెమెరా యాప్. పొద్దున్న లేవగానే ఒకసారి ఇల్లు చూసుకుంటే మనసు కుదుటపడుద్ది, నేనూ చూస్తాను, మా తమ్ముడు కువైట్ నుంచి రోజుకి నాలుగుసార్లు చూస్తాడు. కానీ ఆ వీడియో అమ్మ పెరట్లోంచి నా ఫోన్లోకి నేరుగా రావట్లేదండి, మధ్యలో ఎవరిదో సర్వర్ ఎక్కి దిగి వస్తుంది, రికార్డింగ్ అయితే అక్కడే ఉండిపోద్ది. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో, దాని తాళాలు ఎంతమంది దగ్గర ఉన్నాయో కొన్నవాళ్ళకి తెలీదు, అమ్మినవాళ్ళకీ తెలీదు. ఇది విడమరిచి చెప్పగానే మా అమ్మ "ఇదేటే అమ్మడూ, నేను పెరట్లో తల ఆరబెట్టుకుంటుంటే ముక్కూ మొహం తెలీనోడు చూత్తాడా?" అని అడిగింది. చూస్తాడని కాదు, చూడాలనుకుంటే ఆపేవాళ్ళు లేరు. అందుకే ఆ పాత వైఫై కెమెరాలు పీకించేసి, వీడియో మొత్తం ఇంట్లోనే ఉండిపోయేలా ఫ్రిగేట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్చాను. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా నడిచాక రాస్తున్నాను.

నాది ఉత్త అనుమానం అనుకునేవాళ్ళు ఇవి చూడండి. రింగ్ అని అమెజాన్ వాళ్ళ కెమెరా కంపెనీ, అందులో ఉద్యోగులు కస్టమర్ల బెడ్‌రూం, బాత్‌రూం వీడియోలు చూశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెడితే 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కంపెనీ సర్వీసు ఆగిపోయి మళ్ళీ లేచేటప్పుడు దాదాపు 13 వేలమందికి వేరేవాళ్ళ ఇళ్ళ కెమెరా ఫొటోలు కనబడ్డాయి, ఇది కంపెనీయే చెప్పింది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది యూఫీ అనే కెమెరా కంపెనీ సంగతి, వీడియో మీ ఇంట్లోనే ఉంటుంది అని చెప్పి అమ్ముకున్నారు, 2022లో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు తీసి చూస్తే ఫొటోలు, మొహాలతో సహా, వాళ్ళ క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. అంటే డబ్బా మీద "లోకల్ స్టోరేజ్" అని రాసి ఉంటే నమ్మేయడానికి లేదు, నెట్టు వైరు పీకినా నడుస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇంట్లో పెట్టుకుంటే చాలు అనుకోవడం కూడా తప్పేనండి. 2025 మొదట్లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్ముకున్నారు, ఆడవాళ్ళ వైద్య పరీక్షల వీడియోలు. పాస్‌వర్డ్ ఎవరైనా ఊహించగలిగేది, నెట్ మీద తెరిచి ఉంది, ఇంకేం కావాలి. మా వైపు కెమెరాలు బిగించేవాళ్ళు కూడా చాలామంది ఊళ్ళో అన్ని ఇళ్ళకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేస్తారు, రిపేరుకి వచ్చినప్పుడు వాళ్ళకి గుర్తుండాలని. మీ ఇంట్లో కెమెరాలు ఉంటే ఈ రివ్యూ మిగతాది చదవకపోయినా ఫర్లేదు, ఆ పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్చుకోండి.

ఇక ఫ్రిగేట్ సంగతి. ఇది ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఉచితం, బ్లేక్ బ్లాక్‌షియర్ అనే ఆయన మొదలుపెట్టాడు. మన ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, కెమెరాల వీడియో తీసుకుని హార్డ్ డిస్క్‌లో రాసుకుంటుంది, ఆ వీడియోలో ఉన్నది మనిషా, కుక్కా, బండా అని ఆ కంప్యూటరే గుర్తుపట్టి చెప్తుంది. ఏ ఫొటో బయటికి పంపదు. డబ్బులు కట్టే ఫ్రిగేట్ ప్లస్ అని ఒకటుంది, మన ఫొటోలు మనం కావాలని పంపితే దాన్ని బట్టి ఇంకా బాగా గుర్తుపట్టే మోడల్ ఇస్తారు, నేను అది తీసుకోలేదు, అవసరం పడలేదు.

ఇల్లు అంబాజీపేట అవతల, చుట్టూ కొబ్బరి తోట, రోడ్డు మీంచి ఇల్లు కనబడదు. కెమెరాలు నాలుగు: వీధి గేటు, పెరడు, పశువుల మకాం, దింపు తీశాక కాయ రాశి పోసే చోటు. ఇంటి లోపల ఒక్కటీ పెట్టలేదు, పెట్టను కూడా, మన మిషన్లో ఉన్నా సరే లోపల కెమెరా ఎందుకండి. కంప్యూటర్ ఇంటెల్ ఎన్ 100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, అరచేతికి కొంచెం పెద్దది. దాంట్లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్సే నాలుగు కెమెరాల్లో మనుషుల్ని గుర్తుపట్టడానికి సరిపోయింది, గూగుల్ కోరల్ అని ఈ గుర్తుపట్టే పనికే ఒక చిన్న పరికరం విడిగా కొనమని పాత వీడియోల్లో చెప్తారు, కొత్తగా పెట్టేవాళ్ళకి అది అక్కర్లేదు.

మినీ పీసీ కొనేటప్పుడు రెండు లాన్ పోర్టులు (నెట్ వైరు గుచ్చే సాకెట్లు) ఉన్నది చూసి తీసుకోండి, ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. ఒక పోర్టు ఇంటి రౌటర్‌కి, రెండో పోర్టు కెమెరాల వైర్లన్నీ కలిసే స్విచ్ అనే డబ్బాకి. అప్పుడు కెమెరాలకి ఇంటర్నెట్ అనేదే ఉండదు, అవి మాట్లాడగలిగేది మినీ పీసీతో మాత్రమే. కెమెరా ఏ కంపెనీది అయినా, లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, బయటికి పంపడానికి దారే లేకపోతే ఏం పంపుద్ది? రౌటర్‌లో సెట్టింగులు మార్చి ఆపొచ్చు గానీ రౌటర్ పాడైతే కేబులు కుర్రాడు కొత్తది పెట్టి వెళ్ళిపోతాడు, మన సెట్టింగులన్నీ పోతాయి. వైరుతో విడగొట్టింది అలా పోదు. ఒక్క చిక్కు వస్తుంది, నెట్ లేకపోయేసరికి కెమెరాల గడియారం తప్పుద్ది, వీడియో మీద టైము ఎక్కడికో పోద్ది, అందుకని మినీ పీసీలోనే టైమ్ సర్వర్ (సరైన టైము చెప్పే సాఫ్ట్‌వేర్) పెట్టి కెమెరాలకి దాని అడ్రస్ ఇవ్వాలి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో నెట్ కెమెరాలు అమ్మాలంటే ప్రభుత్వ సెక్యూరిటీ పరీక్ష పాసవ్వాలన్న రూలు వచ్చింది, మంచిదే, కానీ అది కెమెరా గట్టిగా ఉందా లేదా అన్న దాని గురించి. కంపెనీ క్లౌడ్‌లో మన వీడియో ఎవరు చూస్తారన్నది వేరే సంగతి.

కెమెరా కొనేటప్పుడు ఆన్‌విఫ్, ఆర్‌టీఎస్‌పీ (వేరే సాఫ్ట్‌వేర్లకి వీడియో ఇచ్చే ఉమ్మడి పద్ధతులు) ఉన్నాయా అని అడగండి. ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాని వీడియో తీసుకోగలదు, లేకపోతే ఆ కంపెనీ యాప్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు. చవకగా వచ్చే బల్బు కెమెరాలు, గుండ్రంగా తిరిగే వైఫై కెమెరాలు చాలావాటికి ఇవి ఉండవు. నేను పీకేసిన వాటికీ లేవు. కొత్తవి పీఓఈ కెమెరాలు తీసుకున్నా, ఒకే లాన్ వైరులో కరెంటూ వీడియో రెండూ వెళ్తాయి, కెమెరా దగ్గర ప్లగ్గు అక్కర్లేదు. వైరు మాత్రం 100 మీటర్లు దాటకూడదు.

మకాం ఇంటికి దూరం, మధ్యలో అంతా చెట్లు. మా వైపు ఉరుముల వాన పడితే కొబ్బరిచెట్టు మీద పిడుగు పడడం వింతేం కాదు, అంత పొడుగు రాగి వైరు తోటలోంచి లాగితే పిడుగు ప్రభావం సరాసరి ఇంట్లో ఉన్న మినీ పీసీ దాకా వస్తుంది. అందుకని మకాం దాకా ఫైబర్ లాగించి అటూ ఇటూ మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ వైరుకి కలిపే డబ్బాలు) పెట్టించాను, ఫైబర్ అంటే గాజు కాబట్టి కరెంటు పారదు. ఊళ్ళో కేబులు నెట్ వాళ్ళ దగ్గర ఫైబర్ అతికే మనిషి ఎలాగూ ఉంటాడు, ఈ పని చిటికెలో చేసిపెట్టాడు. వైర్లన్నీ పైపుల్లోంచే లాగించండి, ఎలుకలు ఊరుకోవు. కెమెరా తోక దగ్గర ఉండే లాన్ జాయింటు బయటికి వదిలేస్తే మన తేమకి పిన్నులు చిలుము పట్టేస్తాయి, డబ్బాలో పెట్టి మూయించాలి, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళవాళ్ళు అయితే ఇంకా జాగ్రత్త.

ఇంతకీ పనితనం ఎలా ఉందంటే, చాలా బావుంది, పాత క్లౌడ్ యాప్‌తో పోలికే లేదు. పాత యాప్‌లో గాలి వేస్తే చాలు రాత్రంతా "కదలిక గమనించాం" అని ఫోన్ మోగుతూనే ఉండేది, కొబ్బరి మట్ట ఊగితే మోత, పిల్లి వెళ్తే మోత, చివరికి తమ్ముడు విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేశాడు, ఆపేశాక ఇంక కెమెరా ఎందుకు. ఫ్రిగేట్ కూడా ముందు కదలికే చూస్తుంది, కానీ కదిలిన చోట ఏముందో చూసి మనిషి అయితేనే చెప్తుంది. ఊగే మట్టల మీద మాస్క్ (అక్కడ కదలిక పట్టించుకోవద్దని గుర్తు) గీశాను, కాయ రాశి చుట్టూ జోన్ (ప్రత్యేకంగా గమనించాల్సిన హద్దు) గీశాను, రాత్రి పది దాటాక ఆ జోన్‌లోకి మనిషి వస్తే ఫోన్ మోగుద్ది. మట్ట రాలినా కాయ రాలినా మోగదు. గేదెల విషయంలో ఒకటి చెప్పాలి, ఉచితంగా వచ్చే మోడల్‌కి ఆవు తెలుసు, గేదె అన్నది దాని జాబితాలోనే లేదు, అందుకని మా గేదెల్ని ఆవులుగా రాసుకుంటుంది, నల్లగా ఉంటాయి కదా రాత్రిపూట ఒక్కోసారి అదీ రాయదు. నాకు కావాల్సింది మనుషులు కాబట్టి సరిపెట్టుకున్నా, పశువుల దొంగతనం భయం ఉన్నవాళ్ళకి మాత్రం ఇది లోటే.

సాలెగూళ్ళ గురించి ఎవరూ చెప్పరు. రాత్రి కెమెరా చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లైటు వెలిగితే పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీళ్ళు వస్తాయి, అద్దం ముందే గూడు కట్టేస్తాయి, గూడు ఊగుతుంటే కదలిక అనుకుని కంప్యూటర్ ఊరికే కష్టపడుతుంది, బొమ్మ కూడా తెల్లగా అయిపోద్ది. వానాకాలంలో నాన్న బూజు కర్ర పట్టుకుని తరచూ దులపాల్సి వస్తోంది. లైటు కెమెరాకి కొంచెం దూరంగా విడిగా పెడితే తగ్గుద్దంటారు, మకాం దగ్గర అలా చేశాను, తగ్గింది.

లెక్కలు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఒక్కో కెమెరా వీడియో సెకనుకి 2 మెగాబిట్ల దగ్గర పెడితే రోజుకి సుమారు 21.6 జీబీ, నాలుగూ కలిపి 86 జీబీ, 1 టీబీ డిస్క్ అయితే 11 రోజులు వస్తుంది. ఇదే క్లౌడ్‌కి ఆపకుండా పంపాలంటే 8 మెగాబిట్ల అప్‌లోడ్ ఇరవై నాలుగ్గంటలూ కావాలి, మా ఊరి నెట్ వాన పడితే అసలే ఉండదు. ఇంట్లో అయితే నెట్ ఉన్నా లేకపోయినా రికార్డింగ్ ఆగదు, నాకు ప్రైవసీ తర్వాత నచ్చింది ఇదే. నేను పెట్టిన లెక్క, మొత్తం రికార్డింగ్ వారం ఉంటుంది, మనిషి కనబడిన ముక్కలు నెల ఉంటాయి. గుర్తుపట్టే పనికి కెమెరా ఇచ్చే చిన్న సైజు వీడియో, అంటే సబ్‌స్ట్రీమ్ ఇవ్వండి, సెకనుకి 5 ఫ్రేములు చాలు, రికార్డింగ్‌కి పూర్తి సైజు మెయిన్ స్ట్రీమ్. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో జాగా మిగులుద్ది గానీ కొన్ని ఫోన్ల బ్రౌజర్లలో వీడియో ఆడదు, అందుకని పాత పద్ధతి హెచ్.264లోనే ఉంచాను. కరెంటు మొత్తం సెట్టుకి 40 వాట్లు వేసుకున్నా నెలకి 29 యూనిట్ల లోపే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి దానికి తగిలించేశాం, రౌటర్ కూడా. కరెంటు మొత్తం పోయి వస్తే మినీ పీసీ దానంతటదే లేచేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టడం మర్చిపోతే నాన్న అటక ఎక్కి బటన్ నొక్కాలి.

బయటి నుంచి చూడడం ఎలా అనేది అసలు ప్రశ్న. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నెట్ నుంచి ఇంట్లో మిషన్‌కి రౌటర్‌లో దారి తెరవడం, అని కొందరు చెప్తారు, వద్దు, దయచేసి వద్దు, రాజ్‌కోట్ కథ అలాంటి తెరిచిన తలుపుల్లోంచే మొదలవుద్ది. పైగా మొబైల్ నెట్ మీదా, ఊళ్ళల్లో చాలా ఫైబర్ కనెక్షన్ల మీదా మన ఇంటికంటూ సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరుకునే నెట్ అడ్రస్) ఉండదు, ఫార్వర్డ్ చేద్దామన్నా కుదరదు. నేను టెయిల్‌స్కేల్ పెట్టాను, అది వైర్‌గార్డ్ అనే తాళం పద్ధతి మీద నడిచే వీపీఎన్ (నెట్ మీదుగా వేసుకునే సొంత దారి), నా ఫోనూ తమ్ముడి ఫోనూ ఇంట్లో మినీ పీసీ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు అయిపోతాయి, మధ్యలో వెళ్ళేదంతా తాళం వేసే వెళ్తుంది. ఎవరు ఎవరితో కలవాలో చూసే సర్వర్ ఆ కంపెనీదే, నిజం, కానీ వీడియో విప్పి చూసే తాళం వాళ్ళ దగ్గర ఉండదు. అది కూడా వద్దనుకునేవాళ్ళకి, ఆ సర్వర్ కూడా మనమే నడుపుకునే హెడ్‌స్కేల్ అని ఉంది, నేను అంతదూరం వెళ్ళలేదు. ఫ్రిగేట్ పేజీ తెరవడానికి రెండు పోర్టు నంబర్లు ఉంటాయి, 5000కి పాస్‌వర్డే ఉండదు, 8971కి లాగిన్ ఉంటుంది, ఇంట్లోవాళ్ళందరికీ రెండోదే ఇవ్వండి. నోటిఫికేషన్లు మాత్రం ఎలా తిప్పినా ఫోన్ కంపెనీల పుష్ సర్వర్ల మీదుగానే వస్తాయి, అందుకని నా దాంట్లో ఫొటో పెట్టలేదు, "పెరట్లో మనిషి" అన్న మాట ఒక్కటే వస్తుంది, చూడాలంటే వీపీఎన్‌లోకి వెళ్ళి చూస్తాం.

పెద్ద బలహీనత ఒకటుంది, దాచి లాభం లేదు: దొంగ మినీ పీసీనే ఎత్తుకుపోతే వీడియో మొత్తం దాంతోనే పోద్ది. క్లౌడ్ వాళ్ళు గెలిచేది ఇక్కడే. నేను చేసిన ఏర్పాటు, మనిషి కనబడిన ముక్కలు నా హైదరాబాద్ ఇంట్లో ఉన్న ఇంకో డిస్క్‌లోకి వీపీఎన్ మీదుగా కాపీ అయిపోతాయి. అది కూడా మా డిస్కే, మా తాళమే. మినీ పీసీ అటక మీద పెట్టాం, దొంగ కోసం ఒకటి, గోదారి కోసం ఒకటి, 2022 జులై వరదలో లంక ఊళ్ళల్లో ఇళ్ళలోకి నీళ్ళు ఎంత వచ్చాయో మా వాళ్ళందరికీ తెలుసు. రికార్డింగ్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేశాను, ఎత్తుకుపోయినా వాడికి వీడియో కనబడదు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేను హైదరాబాద్ నుంచి తాళం తీయాలి, ఆ కాసేపు రికార్డింగ్ ఉండదు. అమ్మ బతుకు ఎవడి చేతుల్లోనో పడడం కంటే ఆ కాసేపు లేకపోవడమే నయం అనిపించింది నాకు.

రెండో బలహీనత, ఇది టీవీ లాగా కొని పెట్టేసే వస్తువు కాదు. లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్), డాకర్ (దాని మీద సాఫ్ట్‌వేర్లు పెట్టి నడిపే పద్ధతి) అంటే భయం లేనివాళ్ళు ఇంట్లో ఒకరు ఉండాలి. నేను పెట్టినప్పుడు సెట్టింగులు చాలావరకు ఒక ఫైల్లో రాయాల్సి వచ్చింది, ఒక్క స్పేస్ అటూ ఇటూ అయితే లేవదు. మాస్కులూ జోన్లూ మాత్రం తెర మీద గీసుకోవచ్చు, అది హాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఏం మారిందో చదవకుండా అప్‌డేట్ నొక్కకూడదు. అందుకని పెట్టింది పెట్టినట్టు ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాసి, పాస్‌వర్డ్‌తో సహా, బీరువాలో పెట్టించాను. నేను అందుబాటులో లేకపోయినా తమ్ముడో, తెలిసిన కుర్రాడో చూసి సరిచేయగలగాలి.

పక్కింటి వాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. మా పెరటి కెమెరాలో పక్కింటి పెద్దమ్మగారి నుయ్యి కనబడుతుంది, ఆవిడ అక్కడే స్నానానికి నీళ్ళు తోడుకుంటారు. సొంత అవసరానికి వాడుకునే కెమెరాలకి 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు, చట్టం అడగదు కాబట్టి చూడొచ్చని కాదు కదా. ఇక్కడ ఒకటి గమనించండి, ఫ్రిగేట్‌లో గీసే మోషన్ మాస్క్ బొమ్మని దాచదు, అక్కడ కదలిక పట్టించుకోవద్దని చెప్తుంది అంతే, రికార్డింగ్‌లో అంతా ఉంటుంది. దాచాలంటే కెమెరా సొంత సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ పెట్టాలి, అప్పుడు ఆ చోటు నల్లటి డబ్బా అయిపోద్ది. అది పెట్టి ఆవిడని పిలిచి ఫోన్లో చూపించాను, "మా నుయ్యి ఏదమ్మా" అని వెతుక్కుని, లేదని రూఢి చేసుకుని వెళ్ళారు. మైకులు నాలుగింటికీ ఆపేశాను, అరుగు మీద నాన్నా ఆయన స్నేహితులూ మాట్లాడుకునేవి రికార్డ్ చేసే హక్కు నాకు లేదు.

ఖర్చు దగ్గర క్లౌడే చవకగా కనబడుద్ది. నాకు మినీ పీసీ పదిహేను వేలు దాటింది, కెమెరాలు ఒక్కోటి మూడు వేల చుట్టూ, సీసీ కెమెరాల కోసమే చేసే హార్డ్ డిస్క్, స్విచ్, ఫైబర్, కూలీ అన్నీ కలిపి నలభై వేలకి అటూ ఇటూ. నెలనెలా కట్టేది లేదు. డబ్బు మిగులుద్దని ఎవరికీ చెప్పను, దీనికోసం పెట్టాలనిపిస్తేనే పెట్టండి.

అంత ఓపిక లేనివాళ్ళకి, ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళు లేనివాళ్ళకి: షాపులో దొరికే మామూలు ఎన్వీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే డబ్బా), పీఓఈ కెమెరాలు తీసుకోండి, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, ఎన్వీఆర్‌కి నెట్ వైరు తగిలించనివ్వకండి, టీవీకి కలిపి చూసుకోండి. బిగించేవాళ్ళు "ఫోన్లో చూడరా మరి?" అని ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు, వద్దని చెప్పండి. దూరం నుంచి చూడడం ఉండదు, మిగతా పనంతా జరుగుద్ది.